నీళ్లు కొన్నే... లోకాలు ఆరు!

ఎత్తైన గోడ మీంచి జలపాతం దూకుతుంది. ఏరై నేలమీద పారుతుంది. అందులో పిల్లలు కేరింతలు కొడుతూ పరుగులు తీస్తారు. కానీ ఒక్కరి కాలూ తడవదు! ఎందుకంటే అది నీరు కాదు, వెలుగు. గోడలమీదా నేలమీదా ప్రొజెక్టర్లు చేసే మాయ.

న్యూయార్క్‌ నగరంలోని క్వీన్స్‌ ప్రాంతంలో ఉంది ‘న్యూయార్క్‌ హాల్‌ ఆఫ్‌ సైన్స్‌’. 1964 నాటి ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన ఆ మ్యూజియంలోని పెద్దహాల్లో 2015లో మొదలైన ప్రదర్శన పేరు ‘కనెక్టెడ్‌ వరల్డ్స్‌’. ఎమిలీ గోబీల్‌, థియోడర్‌ వాట్సన్‌ల ‘డిజైన్‌ ఐ/ఓ’ స్టూడియో దీన్ని రూపొందించింది. హాలు గోడలమీద అడవి, ఎడారి, గడ్డిమైదానం, చిత్తడినేల, కొండలోయ, జలాశయం... ఇలా ఆరు లోకాలను సృష్టించింది.

దుంగ అడ్డం పెడితే...

ఈ లోకాలను నడపడానికి నొక్కాల్సిన మీటలేవీ లేవు. నేలమీద దుంగలుంటాయి, పిల్లలు సులువుగా జరపగలిగేవి. పారే ‘నీటి’కి దుంగను అడ్డం పెడితే చాలు, ప్రవాహం పక్కకు మళ్లుతుంది. దుంగ ఎక్కడుందో కెమెరాలు పసిగడతాయి, కంప్యూటరు అప్పటికప్పుడు నీటి దారి మార్చేస్తుంది. నీరందిన గోడ ముందు నిలబడి చేతులు కదిపితే విత్తనాలు నాటొచ్చు. మొక్కలు ఏపుగా పెరిగితే వాటిని వెతుక్కుంటూ జంతువులొస్తాయి. రెండు మూడు లోకాలు పచ్చబడ్డాయా, ఒకచోటి నుంచి మరోచోటికి వలస కూడా వెళ్తాయి.

అసలు కిటుకు ఇదీ!

చూడటానికి ఇదంతా ఆటే. కానీ రూపకర్తలు అందులో ఒక మెలిక పెట్టారు. ఆరు లోకాలకూ కలిపి ఉన్న నీరు ఒక్కటే, అదీ పరిమితంగానే. ఎవరో ఒకరు మొత్తం అడవికే మళ్లించుకుంటే అవతల గోడ దగ్గర ఇంకొకరు నాటిన మొక్కలు వాడిపోతాయి. మబ్బులు ఈ లోకాల నుంచి నీటిని మోసుకెళ్లి తిరిగి జలపాతానికి చేర్చాలి. వాన పడాలి. అప్పుడే మళ్లీ ఏరు పారేది.

అడిగినంత నీరు ఇచ్చేలా చేయడం కంప్యూటరుకు పెద్ద పనేం కాదు. అప్పుడు ప్రతి పిల్లాడూ తన తోట తాను పెంచుకుని సంతోషంగా వెళ్లిపోతాడు. పక్కవాడి అవసరం మాత్రం తెలియదు. నీటికి హద్దు పెట్టడంతో ముక్కూమొహం తెలియని పిల్లలు కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకోక తప్పదు. ఎటు ఎంత వదలాలో, ఎవరు ఎంతసేపు ఆగాలో వాళ్లే తేల్చుకోవాలి.

తెరమీది అడవికి మట్టివాసన ఉండదు నిజమే. నిజమైన అడవికి అది ప్రత్యామ్నాయమూ కాదు. అయితే ఎగువన నది మళ్లిస్తే దిగువన చిత్తడినేల ఏమవుతుందో బయటి ప్రపంచంలో తెలిసేసరికి ఏళ్లు గడిచిపోతాయి. ఇక్కడ నిమిషాల్లో కళ్లకు కడుతుంది. అదీ తాము అడ్డం పెట్టిన దుంగ వల్లే! తప్పు తెలిసిన పిల్లలు ఆ దుంగను తీసి పక్కన పెట్టొచ్చు. ఆ వెసులుబాటు అసలు నదుల దగ్గర అంత తేలిగ్గా దొరకదు.