పెంపుడు పాములకు వెచ్చని అరలు

పక్షులకును, మృగములకును, మనుష్యులకును ఒడలివేడి లోపలనే పుట్టును. మనము భుజించు అన్నములో అధికభాగము ఆ వేడిని నిలుపుటకే వ్యయమగుచున్నది. పాములకట్లు గాదు. అవి ఎండనుండియు, కాగిన రాతినుండియు వేడిని తెచ్చుకొని, ఎక్కువైనచో నీడకేగి తగ్గించుకొనును. అందుచేతనే పాము పలుదినములకొక్కసారి తినియు బ్రతుకగలదు. అందుచేతనే చలిలో దానికి తిన్నది జీర్ణము గాదు. జీర్ణముగాని ఎలుక కడుపులో క్రుళ్లగా పాము దానిని క్రక్కివేయును. పిల్లపాములకు ఇట్లు రెండు మూడు మారులైనచో ప్రాణమునకే ముప్పు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతములనుండి వచ్చు బాలురు, పామును పెట్టెలోనుంచి దీపముతో వెచ్చజేయవచ్చునా యని మమ్మడుగుచుందురు. దీనికి రెండు ప్రత్యుత్తరములు గలవు. వానలు మొదలైన పిమ్మట వనస్థలిపురము వైపు పొదలనుండియు, మురుగుకాలువల గట్లనుండియు ఇండ్లలోనికి వచ్చు నాగుపాము పిల్లలను, జెర్రిపోతు పిల్లలను పెంచుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. అదియునుగాక, నాగుపాము పిల్ల గ్రుడ్డునుండి వెలువడిన క్షణమునుండియు విషము గలదే. దానిని సీసాలో పెట్టవలెనను తలంపే కూడదు. ఎడముగా నిలిచి అటవీశాఖకుగాని, నగరములో 1995 నుండి ఈ పని చేయుచున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకిగాని తెలుపవలెను.

రెండవది విదేశీ సర్పముల విషయము. నగరములలో కొందరు పెంచునది ముఖ్యముగా పశ్చిమాఫ్రికాకు చెందిన బాల్ పైతాన్ అను విషములేని చిన్న కొండచిలువ. 2022వ సంవత్సరపు చట్టసవరణయు, 2024వ సంవత్సరపు నియమములును అనుసరించి ఇట్టి జీవిని ఉంచుకొనువారు పరివేష్ అను ప్రభుత్వ జాలస్థలములో నమోదు చేయించుకొనవలెను. పిల్లలు పుట్టినను, పాము చచ్చినను తెలియజేయవలెను. అట్లు న్యాయముగా పెంచువారి యిండ్లలో ఈ వెచ్చని అరలు కానవచ్చును.

చెక్కతోగాని ఇనుముతోగాని చేసిన బీరువావంటి చట్రములో ప్లాస్టిక్ తొట్టెలు సొరుగులవలె లోపలికి జరుగును. పైబల్లయే తొట్టెకు మూత. ఆ సందు పెన్సిలు పట్టునంత యున్నను పిల్ల తప్పించుకొనిపోవును. బల్ల వెనుకభాగమున గాడి తీసి, అందులో వేడినిచ్చు విద్యుత్పట్టీని పరచుదురు. ఆ పట్టీ తొట్టె యడుగున మూడవవంతునకు మించి తగులరాదు. వెనుక 31, 32 డిగ్రీలును, ముందు 26 డిగ్రీలును ఉండవలెను. ఇందలి మర్మమంతయు ఈ తేడాలోనే యున్నది. తొట్టెయంతయు ఒకే వేడిగానుండిన పామునకు నీడకేగు స్వేచ్ఛ పోవును. బల్బును తొట్టెలో వ్రేలాడదీయుట మిక్కిలి చెడ్డపద్ధతి. గాలి యెండిపోవును, ప్లాస్టిక్ కరగును, పాము దానిని చుట్టుకొని కాలును.

వేడిని అరచేతితో పరీక్షించుట మోసకరము. మన చేతిచర్మమే ఇంచుమించు 33 డిగ్రీలుండును గనుక 32 డిగ్రీల తొట్టె చేతికి వెచ్చగా తోచదు. క్రొత్తవారు 'ఇది చల్లగానున్నదే' యని వేడి పెంచుదురు. మరునాటికి పాము పొట్టక్రింది పొలుసులు బొబ్బలెక్కియుండును. కాలుచున్నను తొలగిపోకుండుట పాములలో తరచుగా చూచు వింత. కావున ఉష్ణమాపకము, థర్మోస్టాటు రెండును ఉండితీరవలెను. థర్మోస్టాటు మొనను పట్టీకిని తొట్టెకును నడుమ గట్టిగా అంటించవలెను. అది యూడి వెలుపలి గాలిలో వ్రేలాడినచో, తొట్టె చల్లబడినదని యంత్రము భ్రమించి పట్టీని ఎడతెగక కాల్చును. వేడి పైకెగయును గనుక పై యరలు క్రిందివానికంటె వెచ్చగానుండును. మొనను పైయరనుంచి, క్రిందివానిని వేరుగా కొలుచుట మేలు. తీగలు కలుపు పని తెలిసిన పనివానిచేతనే చేయించవలెను. ఖర్చు స్వల్పమే: 40 వాట్ల పట్టీ దినములో సగముకాలము వెలిగినను అరయూనిట్టుకు లోబడియే యగును.

తల్లికొండచిలువ మాత్రము ఈ యేర్పాటును తన కండరములతోనే చేసికొనును! మనదేశపు కొండచిలువ గ్రుడ్లను చుట్టుకొని వణకుచు వేడి పుట్టించునని న్యూయార్కు జంతుశాలలో కొలిచిచూచిన శాస్త్రజ్ఞులు 1966లో ప్రకటించిరి. బాల్ పైతాన్ తల్లి గ్రుడ్లను చుట్టుకొనును గాని ఆ విద్య యెరుగదు. అందుచే ఆ గ్రుడ్లను తీసి, 31, 32 డిగ్రీలలో తేమగల పెట్టెలోనుంచిన రమారమి రెండు నెలలకు పిల్లలగును. పిల్లకు చిన్న తొట్టెయే తగినది. విశాలమైనదానిలో అది బెదరి మేత ముట్టదు. మొదటి కుబుసము విడుచువరకు మేత పెట్టనక్కరలేదు.

హైదరాబాదులో డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీల దాపునకు దిగును. అప్పుడు పట్టీ లేనిదే గడవదు. మే నెలలో పగళ్లు 40 డిగ్రీలకు చేరువగును. కొత్తపేట, చైతన్యపురి వీధుల మేడలలో పైకప్పు క్రింది గదులు కుంపటివలెనుండును. థర్మోస్టాటునకు వేడిని ఆపుట తెలియును గాని చల్లబరచుట తెలియదు. అందుచే ఆ దినములలో అరలను క్రిందియంతస్తునకు మార్చి, పట్టీని ఆపివేయుట యుక్తము. మా యభిప్రాయములో మన యూరిలో చలికంటె ఎండయే యెక్కువ శత్రువు.

చలికాలపు రాత్రి విద్యుత్తు పోయినచో, వేడినీటి సీసాను గుడ్డతో చుట్టి తొట్టె వెలుపల ఆనించి, చట్రముపై దుప్పటి కప్పవలెను, గాలిరంధ్రములు మూయరాదు. ఆరోగ్యముగల పెద్దపాము కొన్నిగంటల చల్లదనమునకు చెడదు. ఆ పూట మేత పెట్టకుండిన చాలును.