అక్టోబర్ 1
అక్టోబర్ 1 గ్రెగోరియన్ క్యాలెండరులో 274వ రోజు. లీపు సంవత్సరములో ఇది 275వ రోజు అగును. ఈ తేదీ తరువాత సంవత్సరములో 91 రోజులు మిగిలి ఉండును. తెలుగువారి చరిత్రలో ఈ తేదీకి ప్రాముఖ్యత 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము ఏర్పడుట వలన కలిగినది. గాంధీ జయంతికి ముందు రోజు కావడముచేత, నవంబర్ 1 తరువాతి కాలములో అధికారిక అవతరణ దినము కావడముచేత ఇది పెద్దగా గుర్తుకు రాని తేదీగా మిగిలిపోయినది.

ఆంధ్ర రాష్ట్ర అవతరణ (1953)

మద్రాసు రాష్ట్రములోని తెలుగు జిల్లాలను వేరుచేయవలెనని పొట్టి శ్రీరాములు 1952 అక్టోబర్ 19న మద్రాసులో నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబర్ 15న మరణించెను. డిసెంబర్ 19న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ప్రత్యేక రాష్ట్ర ప్రకటన చేసెను. 1953 అక్టోబర్ 1, గురువారమున నెహ్రూయే కర్నూలుకు వచ్చి కొత్త రాష్ట్రమును ప్రారంభించెను. చందూలాల్ మాధవలాల్ త్రివేది గవర్నరుగా, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా, నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రిగా బాధ్యతలు స్వీకరించారు. రాష్ట్రములో మొత్తం 11 జిల్లాలు ఉండేవి.

రాజధాని కర్నూలుకు రావడానికి మూలము 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంటిలో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక. నీటివసతిలోను, విద్యలోను ముందున్న కోస్తా జిల్లాలతో కలిసిన తరువాత తమకు అన్యాయము జరుగునేమో అని రాయలసీమ నాయకులకు సందేహము ఉండేది. కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు మొదలైనవారు ఈ చర్చలలో పాల్గొన్నారు. రాజధాని, హైకోర్టులలో ఒకటి కోస్తాలో, మరొకటి రాయలసీమలో ఉండవలెననీ, ఏది కావలెనో ఎంచుకొను హక్కు మొదట రాయలసీమదే అనీ అందులో వ్రాసుకొన్నారు. కృష్ణ, తుంగభద్ర, పెన్న నదుల నీటిని వాడుకొనుటలో పది సంవత్సరాలపాటు ఈ ప్రాంతానికి ప్రాధాన్యము ఇవ్వవలెననునది మరొక షరతు. కరవు జిల్లాలకు రాజధాని కంటె ఈ రెండవ షరతే ముఖ్యమైనదని చెప్పవచ్చును; కాని రాజధాని గురించి జరిగినంత చర్చ దీని గురించి జరుగలేదు.

ఆనాటి కర్నూలులో ఒక రాష్ట్ర ప్రభుత్వానికి సరిపడు భవనాలు లేవు. అనేక కార్యాలయాలు గుడారాలలో పనిచేసినవి. హైకోర్టు 1954 జూలై 5న గుంటూరులో ఏర్పాటైనది. 1956 నవంబర్ 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు రాజధాని, హైకోర్టు రెండూ హైదరాబాదుకు చేరినవి. ఆ విధముగా కర్నూలు మూడు సంవత్సరాల ఒక నెల మాత్రమే రాజధానిగా ఉన్నది.

ఈ చరిత్ర 2014లో రాష్ట్రము విడిపోయిన తరువాత మళ్ళీ చర్చకు వచ్చినది. మిగిలిన 13 జిల్లాలు దాదాపు 1953 నాటి ఆంధ్ర రాష్ట్రమే కనుక అక్టోబర్ 1నే అవతరణ దినముగా జరుపవలెనని కొందరు కోరారు. అయితే 2019లో రాష్ట్ర ప్రభుత్వము నవంబర్ 1నే ఎంచుకొన్నది. కర్నూలును న్యాయ రాజధానిగా చేయుటకు 2020లో చేసిన చట్టమును 2021 నవంబరులో రద్దుచేశారు.

బళ్ళారి విభజన

అదే రోజున బళ్ళారి జిల్లా కూడ చీలిపోయినది. ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోను, రాయదుర్గము అనంతపురము జిల్లాలోను చేరినవి. బళ్ళారి పట్టణముతో సహా మిగిలిన తాలూకాలు మైసూరు రాష్ట్రానికి వెళ్ళినవి. తుంగభద్ర ఆనకట్ట ఉన్న హోస్పేట కూడ అటే పోయినది. కర్నూలు, కడప జిల్లాలకు నీరిచ్చు కె.సి. కాలువ తుంగభద్ర మీద సుంకేసుల వద్ద మొదలగును గనుక, ఎగువ ఆనకట్ట మరొక రాష్ట్రములో ఉండుట ఈ జిల్లాలకు చిన్న విషయము కాదు.

తపాలా, తూనికలు

1854 అక్టోబర్ 1న భారతదేశమంతటికీ చెల్లు తపాలా బిళ్ళలు అమలులోకి వచ్చినవి. దూరముతో నిమిత్తము లేకుండా పావు తులము బరువు గల ఉత్తరానికి అర అణా చాలు. అంతకుముందు ఉత్తరము ఎంత దూరము పోవునో దానినిబట్టి రుసుము ఉండేది. కడపతో విడదీయరాని పేరైన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తన ఉద్యోగ జీవితపు చివరి భాగములో మద్రాసులో పోస్టుమాస్టర్ జనరలుగా పనిచేసెను. ప్రపంచములో మొట్టమొదటి పోస్టుకార్డు కూడ ఇదే తేదీన, 1869లో, ఆస్ట్రియా-హంగరీలో వెలువడినది.

1958 అక్టోబర్ 1 నుండి దేశములో మెట్రిక్ తూనికలు దశలవారీగా అమలైనవి. వీశెలు, మణుగులు, సేర్లు పోయి కిలోగ్రాములు వచ్చినవి. సంతలలో పాత లెక్క చాలాకాలము నిలిచినది. పల్లెల్లో వీశె అను మాట ఇంకా వినిపించును. కడప జిల్లా ఓబులవారిపల్లె మండలములోని మంగంపేట (2022 ఏప్రిల్ 4న అన్నమయ్య జిల్లాలో చేరినది) వంటి గనుల ప్రాంతానికి ఈ మార్పు మరింత అవసరమైనది. ఇక్కడి ముగ్గురాయి (బెరైటీసు) నిక్షేపము ప్రపంచములోని అతి పెద్దవానిలో ఒకటి. చమురు బావులు త్రవ్వునప్పుడు వాడు బురదను బరువెక్కించుటకు దీని పొడి కలుపుతారు. నీటికంటె నాలుగు రెట్లకు పైగా ఉన్న సాంద్రతయే ఈ రాయికి విలువ తెచ్చినది. విదేశాలకు పోవు సరుకును టన్నులలో తప్ప వీశెలలో తూచలేరు గదా!

ఇతర దేశాలు

1949లో మావో జెడాంగ్ చైనా ప్రజా గణతంత్రమును ప్రకటించెను. 1960లో నైజీరియా స్వతంత్రమైనది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1958లో ఈ తేదీనే పని ప్రారంభించినది.

జననాలు

1847లో అనీ బిసెంట్ లండనులో జన్మించెను. 1915లో మదనపల్లెలో కళాశాల ఏర్పడుటకు ఆమె కారకురాలు. మదనపల్లె 1911 వరకు కడప జిల్లాలోనిదే. 1906లో సంగీత దర్శకుడు ఎస్.డి. బర్మన్, 1922లో పాలకొల్లులో హాస్యనటుడు అల్లు రామలింగయ్య జన్మించారు.

గమనిక: కర్నూలు నగరమును ముంచిన 2009 నాటి తుంగభద్ర, హంద్రీ వరదను కొందరు ఈ తేదీ క్రింద చేర్చుచున్నారు. నగరములో అధికభాగము మునిగినది అక్టోబర్ 2న కనుక దానిని ఆ తేదీ వ్యాసములో చూడవలెను.