కంప్యూటరును ప్రతిదినము ఆపుట మేలా, కీడా?

మన కంచరపాలెమున కంప్యూటరు పాఠశాలలకే పరిమితము గాక, అనేక గృహములలో గూడ ప్రవేశించినది. తలిదండ్రులు నెలనెల మిగిల్చిన సొమ్ముతో కొనిన వస్తువగుటచే, అది చిరకాలము మన్నవలెనని కోరుట సహజము. అందుండియే యొక వివాదము పుట్టుచున్నది. "అమ్మా! దినదినము ఆపి మరల వేసినచో యంత్రము త్వరగా చెడును; అట్లే యుండనిమ్ము" అని కుమారుడనును. "రాత్రియెల్ల ఊరక నడచినచో అరిగిపోదా నాయనా? కరెంటు బిల్లు ఎవరు కట్టుదురు?" అని తల్లి యనును. వీరిలో ఎవరి మాట నిజమో విచారింతము.

కుమారుని మాట నిరాధారము కాదు. ఆవిరియింజనుల కాలమున రైలు పనివారు రెండు ప్రయాణముల నడుమ బాయిలరు క్రింది నిప్పును పూర్తిగా ఆర్పెడివారు కారు. లోహము వేడికి వ్యాకోచించును, చల్లారినప్పుడు సంకోచించును. ఇది మాటిమాటికి జరిగినచో అతుకులు సడలును. మన పేటలోని రైల్వే కుటుంబముల పెద్దల నడిగినచో ఈ సంగతి చెప్పగలరు.

తొలి కంప్యూటరులకును ఇట్టి బాధయే యుండెను. 1946లో అమెరికాయందు లోకమునకు ప్రదర్శింపబడిన ఎనియాక్ అను యంత్రమున, పాత రేడియోలలోని వాల్వుల వంటివి సుమారు 18,000 ఉండెను. వానిలో పెక్కు వేడెక్కునప్పుడును చల్లారునప్పుడును చెడుచుండుటచే, ఆ యంత్రమును సాధ్యమైనంతవరకు ఆపక యుంచిరి. నేటి కంప్యూటరులలో అట్టి వాల్వులు లేవు. ఎర్రగా కాలెడి తీగయు లేదు. వాల్వులు పోయినను నాటి భయము మాత్రము పోలేదు.

అయినను నేటి యంత్రమునకు ఆపుటవలన కొంత శ్రమ కలుగును. అది ఎంతయో లెక్కింతము. తిరుగుడు హార్డుడిస్కులు పలువిధములైనను, 50,000 మారులు ఆగి బయలుదేరుటకు తగినవని తయారుచేయువారు సూచించినవి పెక్కు కలవు. దినమున కొక్కసారి ఆపినచో పదియేండ్లలో 3,650 మారులే యగును. ఇది పదింట నొకవంతైనను కాదు. క్రొత్తగా వచ్చిన ఎస్.ఎస్.డి.లలోనైతే తిరుగు భాగమే లేదు.

ఇక ఎడతెగక నడచుటవలని నష్టమును చూతము. లోపలి ఫ్యాను అరుగును. అది గాలితో పాటు ధూళిని గూడ లోనికి లాగును. కెపాసిటరులను చిన్న డబ్బీలలోని ద్రవము వేడికి క్రమముగా ఎండును. పది డిగ్రీల వేడి తగ్గినచో వాని యాయువు ఇంచుమించు రెట్టింపగునని విద్యుచ్ఛాస్త్రజ్ఞుల లెక్క. పనిలేక నిలిచియున్న యంత్రము 60 వాట్లు తినునదైనచో, 16 గంటలలో దాదాపు ఒక యూనిటు వృథా యగును.

నిజమైన శత్రువు వేరొకటి కలదు: అది అకస్మాత్తుగా కరెంటు పోవుటయు, మరల ఉద్ధృతముగా వచ్చుటయు. డిస్కుపై వ్రాత జరుగుచుండగా విద్యుత్తు తెగినచో ఫైళ్లు పాడగును. సంవత్సరమంతయు వ్రాసికొనిన పాఠములు క్షణములో పోవచ్చును. గోడమీది స్విచ్చిని చటుక్కున నొక్కుటయు నిట్టిదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన నగరమును తాకినప్పుడు పలు పేటలలో దినములకొలది విద్యుత్తు లేకపోయినది. సముద్రతీర వాసులమగు మనము తుఫాను వార్త వినగానే యంత్రమును క్రమముగా ఆపి, ప్లగ్గును ఊడదీయుట మంచిది.

విద్యార్థులారా! అరగంట విరామమునకు యంత్రమును నిద్రావస్థలో నుంచిన చాలును. రాత్రి పరుండబోవునప్పుడు ముందుగా ఫైళ్లను భద్రపరచి, 'షట్ డౌన్' ఆజ్ఞ నిచ్చి, తెర నల్లబడి ఫ్యాను చప్పుడు ఆగిన పిమ్మటనే స్విచ్చి కట్టుడు. వీలున్నచో యు.పి.ఎస్. అమర్చుకొనుడు. యంత్రము చల్లారిన తరువాతనే గుడ్డ కప్పుడు. మీ యింట నీ వివాదము మరల రేగినచో, పై లెక్కను పెద్దల ముందుంచి, తల్లి మాటయే గెలిచెనని సంతోషముగా ఒప్పుకొనుడు.