‘ఇంటికి పంపాం’ అంటే ఏమిటి?

తలకు పెద్ద దెబ్బ తగిలిన మనిషి బతికి బయటపడితే గండం గడిచిందనుకుంటాం. కానీ నడక, మాట, జ్ఞాపకం, కోపం ఆపుకోవడం అన్నీ అతను మళ్ళీ నేర్చుకోవాలి. ఆసుపత్రి నుంచి ఎక్కడికి వెళ్ళాడన్నదాన్ని బట్టే ఆ నేర్చుకోవడం ఉంటుంది.

అమెరికాలో ఇలాంటి రోగికి ముఖ్యంగా మూడు దారులు. మొదటిది పునరావాస ఆసుపత్రి. అక్కడ మామూలుగా రోజుకు 3 గంటలు, వారానికి 5 రోజులు శిక్షణ ఇస్తారు. రెండోది నర్సుల సంరక్షణ కేంద్రం, అక్కడ శిక్షణ తక్కువ. మూడోది ఇల్లు.

ఈ దారులు అందరికీ ఒకేలా తెరుచుకోవు. దేశవ్యాప్త ట్రామా రికార్డులతో 2007లోనూ 2013లోనూ వెలువడిన పరిశోధనలు చెప్పింది ఇదే. దెబ్బ తీవ్రతనూ ఇన్సూరెన్సునూ లెక్కలోకి తీసుకున్నాక కూడా నల్లజాతివాళ్ళు, హిస్పానిక్‌లు పునరావాసానికి చేరడం తెల్లవాళ్ళకన్నా తక్కువే.

ఇన్సూరెన్సు లేనివాళ్ళ సంగతి మరీ అన్యాయం. 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళను డబ్బు లేదని తిప్పి పంపకూడదు. అయితే ఆ బాధ్యత రోగి పరిస్థితి నిలకడకు వచ్చేదాకానే. కాగితాలు లేని వలస కూలీకి ఫెడరల్ మెడికెయిడ్ కూడా ఎమర్జెన్సీ వరకే. ఆ తర్వాత శిక్షణకు డబ్బెవరు కట్టాలి?

ఇక్కడే ఒక వివరణ వినబడుతుంది: ‘హిస్పానిక్ కుటుంబాలు తమవాళ్ళను తామే చూసుకుంటాయి, అది వాళ్ళ సంస్కృతి.’ ఆ ప్రేమ అబద్ధమని మేం అనడం లేదు. కానీ రెండు దారులూ తెరిచి ఉంటేనే దాన్ని ఎంపిక అనాలి. ఖాళీ మంచం ఉండాలి, ఖర్చు భరించేవాళ్ళుండాలి, తమ భాషలో విడమరచి చెప్పేవాళ్ళుండాలి. ఇవేవీ లేక కూలి మానుకుని భర్తకు కాపలా కూర్చున్న ఆడమనిషిది ఎంపికా? రికార్డులో మాత్రం రెండు రకాల రోగులకూ ఒకటే మాట: ‘ఇల్లు’.

ఈ వాదన మనకు కొత్తేం కాదు. పాకీపని చేసేవాళ్ళను చూపి ‘అది వాళ్ళ అలవాటు’ అన్నవాళ్ళను మనం ఎరుగుదుం. గత్యంతరం లేకపోవడాన్ని ఆచారంగా చూపిస్తే, అడగాల్సిన ప్రశ్న మాయమవుతుంది.

అక్కడి రికార్డుల్లో జాతి రాశారు గనక తేడా బయటపడింది. మన దగ్గర తలదెబ్బ రోగులు డిశ్చార్జి తర్వాత ఎక్కడ తేలుతున్నారో కులంవారీగా లెక్క తీసేదెవరు? లెక్క లేనంత మాత్రాన తేడా లేనట్టు కాదు. విద్యార్థులు, కార్యకర్తలు తమ వాడల్లోనే మొదలుపెట్టొచ్చు. తలదెబ్బ తిన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మూడు సంగతులు అడగండి: ఎక్కడికి వెళ్ళమన్నారు, ఎక్కడికి వెళ్ళగలిగారు, చూసుకోవడానికి ఎవరు పని మానేశారు.