కనబడని యంత్రానికి కాపరి

"ఏం చేస్తుంటారండీ?" అన్న ప్రశ్న వినబడని పంక్తి మన సంఘం వనభోజనాలలో ఉండదు. కిందటి వేసవిలో ఒక యువకుడు ఆ ప్రశ్నకు "సాఫ్ట్‌వేరేనండీ" అని ముక్తసరిగా చెప్పి, మజ్జిగ గ్లాసు అందుకొని పక్కకు తప్పుకున్నాడు. అతడు మా సంస్థలోనే పనిచేస్తాడు కనుక అది పూర్తి సత్యం కాదని నాకు తెలుసు. అతడు ప్రోగ్రాములు వ్రాయడు. మేము వాడుకునే కంప్యూటర్లను, ముఖ్యంగా మా కంటికి కనబడని కంప్యూటర్లను, తీర్చిదిద్ది నడిపించే ఇంజనీరు. ఆ పనిలో ఉన్న శాస్త్రమేమిటో, దానిని నలుగురిలో చెప్పుకోవడానికి అతడెందుకు సంకోచించాడో విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను రసాయన శాస్త్రజ్ఞుడిని. ఔషధపు అణువు ఒక ప్రోటీనులోని గుంటలో ఎలా ఇముడుతుందో తెరపై పరిశీలించడం నా నిత్యకృత్యం. పరమాణువుల కదలికను సాధారణంగా రెండేసి ఫెమ్టోసెకండ్ల అడుగులతో లెక్కకడతాము. ఆ చొప్పున ఒక్క మైక్రోసెకండు చలనాన్ని చూడాలంటే 50 కోట్ల అడుగులు వేయాలి. నేను పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజులలో ఇటువంటి పని చేసే యంత్రం బల్ల క్రింద రొద చేస్తూ గదినంతా వేడెక్కించేది. ఈనాడు నా ముందున్నది పలుచని లాప్‌టాప్ మాత్రమే. అసలు యంత్రం ఎక్కడో డేటా సెంటరులో ఉన్నది. నా మీటల నొక్కులు అక్కడికి వెళతాయి. అక్కడి తెరబొమ్మ ఇక్కడికి వస్తుంది. పరిశోధన ఫలితాలు ఆ గడప దాటవు. దీనినే వర్చువల్ వర్క్‌స్టేషన్ అంటారు.

ఇది నిన్న మొన్నటి ఊహ కాదు. ఐ.బి.ఎం. సంస్థ 1972లోనే వీఎం/370 అనే వ్యవస్థ ద్వారా ఒక పెద్ద కంప్యూటరును అనేక కంప్యూటర్లుగా భ్రమింపజేసింది. మామూలు పి.సి.లపై ఆ విద్యను 1999లో వీఎంవేర్ సంస్థ ప్రచారంలోకి తెచ్చింది. మన ఊళ్ళలో ఒకే ఇంటిని వాటాలుగా అద్దెకిచ్చే పద్ధతి అందరికీ తెలిసినదే. ప్రతి వాటాకు వేరే గదులు, వేరే తాళం. పెరటిలో బావి మాత్రం ఉమ్మడి. గ్రాఫిక్స్ చిప్‌ను పంచే ఒక పద్ధతి కూడా సరిగ్గా ఇటువంటిదే. దాని జ్ఞాపకశక్తిని గదులవలె విడదీసి ఇస్తారు. లెక్కలు చేసే శక్తిని బావినీటివలె వంతులవారీగా వాడుకోనిస్తారు. ఎవరికి ఎన్ని గదులు, ఎవరి వంతు ఎంతసేపు అన్నది నిర్ణయించే ఇంటి యజమాని వంటివాడు ఈ ఇంజనీరు.

అతడు లొంగదీయలేనిది ఒకటున్నది: కాంతివేగం. గాజుతంతువులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లే పయనిస్తుంది. మేమున్న న్యూజెర్సీకి, మా సహోద్యోగులున్న హైదరాబాదుకు నడుమ దగ్గరి దారి సుమారు 13,000 కిలోమీటర్లు. సంకేతం వెళ్ళి రావడానికి ఎంత లేదన్నా సెకనులో 13 శాతం కాలం పడుతుంది. తంతువులు తిన్నగా పోవు కనుక నిజానికి ఇంకా ఎక్కువే. అక్కడివారు ఇక్కడి యంత్రంపై అణువును త్రిప్పితే అది ఒక క్షణం తటపటాయించి తిరుగుతుంది. కనుక యంత్రాన్ని మనిషికి చేరువగా ఉంచడం తప్ప గత్యంతరం లేదు.

మరొక బాధ్యత మూలప్రతి. ఒక ఆదర్శ కంప్యూటరును సిద్ధపరచి, దానినుండి వందలకొద్దీ నకళ్ళు తీస్తారు. మా ప్రయోగశాలలో ప్రమాణ ద్రావణం వంటిదది. ప్రమాణ ద్రావణంలో పొరపాటు దొర్లితే దానిపై ఆధారపడిన ప్రతి కొలతా తప్పే. అందుకే ప్రతి చిన్న సవరణనూ ముందు కొద్ది యంత్రాలపై పరీక్షించి, ఆ తరువాతనే అందరికీ పంపుతారు.

ఆ జాగ్రత్త ఎంత అవసరమో 2024 జూలై 19న లోకానికి తెలిసివచ్చింది. ఒక భద్రతా సాఫ్ట్‌వేరుకు వచ్చిన లోపభూయిష్టమైన సవరణ వలన సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మూలబడ్డాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ ఉదయం నా లాప్‌టాప్‌పై నీలితెర తప్ప మరేమీ లేదు. మూడు వారాలుగా నడుస్తున్న లెక్క ఏమైపోయిందోనని గుండె జారిపోయింది. ఫోను చేస్తే పలికినవాడు ఈ యువకుడే.

"డాక్టరు గారూ, కంగారుపడకండి. మీ లెక్క లినక్స్ మీద నడుస్తోంది, దానికేమీ కాలేదు. మీరు చూసే కిటికీ మాత్రమే మూసుకుపోయిందండీ" అన్నాడు. అప్పటికే తెల్లవారుజాము నుండి మా వర్చువల్ యంత్రాల డిస్కులను ఒక్కొక్కటిగా విడదీసి, ఆరోగ్యంగా ఉన్న యంత్రానికి తగిలించి, చెడిన ఫైలును తొలగిస్తున్నాడట. లాప్‌టాప్‌లకు ఆ సౌకర్యం లేదు. నా యంత్రపు తాళం తెరిచే 48 అంకెలను ఆరేసి చొప్పున ఎనిమిది విడతలుగా చదివి వినిపించాడు. నేను రెండు సార్లు తప్పుగా కొట్టాను. అతని గొంతులో విసుగు వినబడలేదు. నా తరువాత ఇంకా ఎందరో వరుసలో ఉన్నారు.

వనభోజనాలనాడు నేను అతని వెనుకనే వెళ్ళి, అలా ఎందుకు చెప్పావని అడిగాను. "డెస్క్‌టాప్ అంటే మౌసులు మార్చే పని అనుకుంటారండీ. మా నాన్నగారు కూడా ఫోను చేసినప్పుడల్లా, అసలైన సాఫ్ట్‌వేరులోకి ఎప్పుడు మారతావురా అంటారు" అన్నాడు.

నేను బదులు చెప్పలేకపోయాను. జూలై 19కి ముందు మూడేళ్ళపాటు అతడు నాకు "కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి". పేరైనా సరిగా తెలుసుకోలేదు. యంత్రాలు సవ్యంగా నడిచినన్నాళ్ళూ అతడున్నట్లు ఎవరికీ గుర్తుండదు. ఆగిన నాడు అందరూ అతనినే అడుగుతారు. ఈ వృత్తిలో ఉన్న మన పిల్లలు మన నడుమ తక్కువేమీ కాదు. వచ్చే వనభోజనాలలో ఎవరైనా "సాఫ్ట్‌వేరేనండీ" అని తప్పుకోబోతే, దయచేసి మరొక ప్రశ్న కూడా అడగండి. చెప్పడానికి వారి దగ్గర చాలా ఉన్నది.