పేరు బిగ్ టెన్.. టీములు 18!

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ‘బిగ్ టెన్’ కాన్ఫరెన్స్‌లో ఇప్పుడు 18 టీములున్నాయి. ‘అట్లాంటిక్ కోస్ట్’ కాన్ఫరెన్స్‌లో పసిఫిక్ వైపున్న స్టాన్‌ఫర్డ్ ఆడుతోంది. కోడ్ రాసుకునే నాకైతే ఇది పక్కా బగ్. టీవీ డబ్బుల లెక్కలో మాత్రం అంతా కరెక్టే!

కాన్ఫరెన్స్ అంటే మన యూనివర్సిటీ పోటీల్లో సౌత్ జోన్ లాంటిది. ఇరుగుపొరుగు కాలేజీలు తమలో తాము ఆడుకునేవి. పెద్ద కాన్ఫరెన్స్‌లకు చానెళ్లు ఎక్కువ ముట్టజెబుతుంటే, అందరూ అటే పరుగెత్తారు. 1915 నాటి మూలాలున్న ప్యాక్-12 నుంచి 2024లో పది టీములు వెళ్లిపోయాయి. మిగిలినవి రెండే.. ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్.

మరి ఆడే కుర్రాళ్లకేంటి? దశాబ్దాలపాటు దక్కింది ప్రధానంగా స్కాలర్‌షిప్పే. 2021 జులై నుంచి యాడ్స్ చేసి సంపాదించుకునే వీలొచ్చింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలే నేరుగా డబ్బివ్వొచ్చు. 2025-26కి ఒక్కో యూనివర్సిటీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు!

ఇది న్యాయమే. స్టేడియం నిండేది వాళ్లను చూసే కదా! నా బాధల్లా మిగతా ఆటల గురించే. ఆ డబ్బులో ఎక్కువ వాటా ఫుట్‌బాల్‌కే పోతుంది. దూరం మాత్రం అందరికీ సమానం. లాస్ ఏంజెలెస్‌లో వాలీబాల్ ఆడే అమ్మాయి ఇప్పుడు మ్యాచ్ కోసం న్యూజెర్సీ దాకా వెళ్లాలి. ఐదు గంటల ఫ్లైట్, మూడు గంటల టైమ్ తేడా.. తిరిగొచ్చాక క్లాసులు, పరీక్షలు.

ఎమ్మెస్‌కి వెళ్తున్న ఫ్రెండ్స్! శనివారం ఫుట్‌బాల్‌కి వెళ్లి గొంతు పోయేలా అరవండి. ఒక సాయంత్రం ఆ వాలీబాల్ కోర్టు వైపూ వెళ్లండి.