వికిరణం

2025 మేలో అమెరికా విమానాశ్రయాల్లో 15 విడతల భారతీయ మామిడిని ఆపేశారు. తేడా కాయలో కాదు, వికిరణం కాగితాల్లో వచ్చింది.

బంగినపల్లి కాయను ఎంత తిప్పి చూసినా టెంకలో నక్కిన ముక్కుపురుగు కంటికి కనబడదు. అందుకే పెట్టెల్లో సర్దిన కాయలను అలాగే కోబాల్ట్-60 గామా కిరణాల గుండా నడిపిస్తారు. ఇదే వికిరణం. కనీస మోతాదు 400 గ్రే. పురుగు అక్కడికక్కడే చావాలనేం లేదు, దాని సంతతి ఆగితే చాలు. చాలామంది భయపడేట్టు పండుకు రేడియోధార్మికత అంటదు. మోతాదు మరీ మించితే మాత్రం తొక్క కములుతుంది.

వికిరణం చేయాలన్న షరతు మీదే అమెరికా 2007లో మన మామిడిని రానిచ్చింది. ఉల్లి మొలకెత్తకుండా నాసిక్ జిల్లా లాసల్‌గావ్‌లో కట్టిన కేంద్రం అప్పుడు మామిడికీ అక్కరకొచ్చింది.

ఆ 15 విడతలా? వెనక్కి తెచ్చే ఖర్చుకు జడిసి ఎగుమతిదారులు అక్కడే పారబోయించారు.